ఉగ్గుగిన్నెడు నీళ్లు

పాపని కన్న వేసవిలో పది రోజుల పాటు మా ఇంట్లో నాకు నీళ్లు ఉగ్గుగిన్నెతో కొలిచి పోశారు. పసిపిల్లల నోట్లో పాలు పొయ్యడానికి ముక్కున్న చిన్న వెండి గిన్నె ఉంటుంది చూడండి, అదే. నిండా పోస్తే రెండు గుక్కలు. బయట రోహిణి కార్తె ఎండలు, లోపల నేను.

నా ఉద్యోగం ఏమిటో కూడా ముందే చెప్పేస్తాను, నవ్వుకోవడానికి బాగుంటుంది. కైకలూరులో ఒక ల్యాబులో నీళ్లు పరీక్ష చేస్తాను. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లు, రొయ్యల చెరువుల వాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. అందులో ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత, ఆక్సిజన్ ఎంత ఉందో చూసి కాగితం మీద రాసిస్తాను. నీళ్ల సంగతి ముందు చూసుకోండి, మేత సంగతి తర్వాత అని రోజుకి పదిమందికి చెప్పి పంపే మనిషిని. అలాంటిదాన్ని మంచం మీద పడుకుని, అమ్మమ్మ చేతిలో వెండిగిన్నె ఎప్పుడు వస్తుందా అని గుమ్మం వంక చూస్తూ ఉండేదాన్ని.

పాప సోమవారం పుట్టింది. ఏలూరులో ఆపరేషను చేసి తీశారు. ఆకుపచ్చ గుడ్డకి అవతల నన్ను కోస్తున్నారని తెలుస్తూనే ఉంది, నొప్పి మాత్రం లేదు. నా లోపల ఎవరో బీరువా సర్దుతున్నట్టు అనిపించింది. ఆ సర్దడంలోంచి ఉన్నట్టుండి ఒక ఏడుపు వచ్చింది. అంతవరకూ ఆ గదిలో లేని మనిషి ఒకరు వచ్చి ఏడుస్తున్నారు. ఈ రోజుకీ ఆ ఏడుపు గుర్తొస్తే చేస్తున్న పని ఆపేస్తాను.

శనివారం డిశ్చార్జి చేశారు. మేం ఏలూరులోనే ఉంటాం. మా ఆయన పట్టాభి రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి ఒక రైసు మిల్లులో సూపర్‌వైజరుగా చేస్తారు, నేను బస్సులో కైకలూరు వెళ్తాను. ఆయనది వాళ్ల తాతగారి పేరు, పూర్తిగా పిలిస్తే పట్టాభిరామయ్య. పేరుకి తగ్గట్టే నెమ్మది. పురిటికి మా వాళ్లు నన్ను గుండుగొలను తీసుకెళ్లారు. హైవే మీద కారులో పొట్టకి తలగడ అదుముకుని కూచున్నాను. స్పీడుబ్రేకరు వచ్చే ముందల్లా పట్టాభి "ఇందూ, వస్తోంది" అని హెచ్చరించారు. ఆయన హెచ్చరించినందుకు ఒకసారి, కారు ఎగిరినందుకు ఒకసారి నొప్పి పుట్టింది.

గుమ్మంలో అమ్మమ్మ ఎర్రనీళ్లు దిష్టి తీసి పారబోసింది. ఆ ఇంట్లో నేను నిండుగా చూసిన ఆఖరి గిన్నెడు నీళ్లు అవే.

అమ్మమ్మ పేరు వెంకటనరసమ్మ. డెబ్బై రెండేళ్లు. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎవరిమీదా గొంతు పెంచదు, తను అనుకున్నది తప్ప ఇంకోటి జరగనివ్వదు. నాన్న పోయాక అమ్మ కూడా ఆవిడ దగ్గరే ఉంటోంది. నాకు ఇచ్చిన గది వీధి వైపు గది. అందులో గోడ మీద మాణిక్యం ఫోటో ఉంటుంది. రెండు జడలు, చెవులకి బుట్టలు, ఫోటో తియ్యడానికి భయపడుతున్న మొహం. అమ్మని కన్నది ఆ మాణిక్యం. అమ్మమ్మకి సొంత చెల్లెలు. అమ్మని కన్న కొన్నాళ్లకే, పందొమ్మిదేళ్లకి, ఇదే గదిలో పోయింది. అప్పట్నుంచీ అమ్మని పెంచింది వెంకటనరసమ్మే. ఇందులో దాచిందేమీ లేదు, ఇంట్లో అందరికీ తెలుసు. నాకు అమ్మమ్మ అంటే ఈవిడే.

మొదటి రోజే పథ్యం మొదలైంది. పాతబియ్యం అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. మజ్జిగ లేదు, పండు లేదు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, నడుముకి బిగించి చీర, తలకి పోసిన రోజు సాంబ్రాణి పొగ. ఇవన్నీ నేను ఊహించినవే, సర్దుకున్నాను. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్లు మండింది. కాచి చల్లార్చి వాము వేసిన నీళ్లు, మాత్ర వేసుకున్నప్పుడల్లా ఒక ఉగ్గుగిన్నెడు. మధ్యలో బతిమాలితే ఇంకో సగం. రోజు మొత్తం మీద ఒక పెద్ద గ్లాసు కూడా కాదు.

"మూడు లీటర్లు తాగమన్నారు అమ్మమ్మా డాక్టరుగారు" అని చెప్పాను.

"అలాగే తాగుదువుగాని తల్లీ, కుట్లు ఆరనీ. పచ్చి బాలింతవి. ఇప్పుడు నీళ్లు పడితే కుట్టు చీము పడుతుంది" అంది, నుదుటి మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉంటుందంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు అవకాశం ఉండదు.

నేను నీళ్లు కడుపులోకి పోతాయనీ, కుట్టు బయట ఉంటుందనీ, రెండింటికీ సంబంధం లేదనీ బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నది. బొమ్మ బాగుందంది. సాయంత్రం మళ్లీ ఉగ్గుగిన్నే తెచ్చింది.

అమ్మని అడిగాను. మా అమ్మ సుగుణ వాళ్లమ్మ మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పదు. ఈ విషయంలో అయితే అసలు నోరు విప్పలేదు. గోడ మీద ఫోటో వంక ఒకసారి చూసి, పాప గుడ్డలు ఉతకాలని వెళ్లిపోయింది. అమ్మ పసికందుగా పడుకున్న గది ఇదే, అమ్మని కన్నావిడ పోయిన గది ఇదే. అందులో నిలబడి బాలింతలకి ఏం పెట్టాలో ఎవరితో వాదిస్తుంది?

ఆ రోజుల్లో నాకు రెండే ఆలోచనలు. ఒకటి నీళ్లు. బస్సులో కొల్లేరు దాటుతుంటే రెండు వైపులా కనిపించే నీళ్లన్నీ కళ్లు మూసుకుంటే వచ్చేవి. పెరట్లో నుయ్యి ఉంది, అమ్మ దాన్లోంచి నీళ్లు తోడి గిన్నెలు తోముతుంటే చేద నీళ్లని కొట్టుకున్న చప్పుడు వినపడి గొంతు ఇంకా ఎండిపోయేది. ఆ నూతి నీళ్లు మా ఇంట్లో ఎవరూ తాగరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తాగడానికి పంచాయతీ కుళాయి, ఆ తర్వాత టిన్ను నీళ్లు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

రెండో ఆలోచన పాప. గుప్పెడంత మనిషి. కాళ్లు ముడుచుకుని నా గుండె మీద పడుకుంటే తన ఊపిరి నా ఊపిరి కంటే రెండింతలు వేగంగా నడిచేది. నన్ను ఏడు పొరలు కోసి తీశారని డాక్టరుగారు చెప్పారు. ఆ ఏడు పొరలూ, నేను నిద్రపోతున్నా, విసుక్కుంటున్నా, వాటంతట అవే అతుక్కుంటున్నాయి. ఎవరు చెప్పారు వాటికి? చెరువు నీళ్లలో చిన్న తేడా వస్తే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోవడం చూసినదాన్ని. ప్రాణం ఎంత తేలిగ్గా పోతుందో తెలుసు. ఇంత మొండిగా నిలబడుతుందని మటుకు అప్పుడే తెలిసింది.

పన్నెండో రోజు శుక్రవారం మా వీధి ఆశా వర్కరు యేసమ్మ వచ్చింది. వారానికోసారి బాలింతల్ని చూసి, పిల్లల్ని తూచి రాసుకుంటుంది. పాపని గుడ్డ ఉయ్యాలలో పెట్టి తక్కెడకి తగిలించింది. ముల్లు వంక చూసి, దించి, మళ్లీ తగిలించింది.

పుట్టినప్పుడు రెండు కేజీల తొమ్మిది వందలు. ఇప్పుడు రెండున్నర.

యేసమ్మ గొంతు తగ్గించి నన్నే అడిగింది, పాలు పడుతున్నాయా, పాప రోజుకి ఎన్నిసార్లు తడుపుతోంది అని. లెక్క చెప్పాను. పెదవి విరిచింది. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి, "మామ్మగారండీ, ఈవిడ నీళ్లు తాగితేనే కదండీ పాపకి పాలొచ్చేది. వచ్చేవారం వచ్చి మళ్లీ చూస్తానండి. అప్పటికీ పెరక్కపోతే ఏలూరు తీసుకెళ్లాలండి" అంది.

"అలాగేనమ్మా" అంది అమ్మమ్మ. యేసమ్మకి కాఫీ ఇచ్చి పంపింది. వెల్లుల్లి ఇంకో నాలుగు రెబ్బలు ఎక్కువ వేసి కారం దంచింది, పాలు పడతాయని. నీళ్లు మాత్రం అదే ఉగ్గుగిన్నె. ఆ మధ్యాహ్నం నేను పాప మొహం చూస్తూ ఏడ్చాను. ఏడిస్తే ఉన్న నీళ్లు కూడా పోతాయని మళ్లీ ఆపుకున్నాను.

మర్నాడు శనివారం పట్టాభి వచ్చారు. నేను ముందే ఫోనులో చెప్పి ఉంచాను. డైపర్ల సంచిలో, డైపర్ల మధ్య, లీటరు నీళ్ల సీసా. అమ్మమ్మ పెరట్లోకి వెళ్లగానే ఆయన దొంగలా అటూ ఇటూ చూసి మూత తీసి ఇచ్చారు. నేను ఎత్తిన సీసా దించలేదు. గొంతు, మెడ, గుండె, పక్కటెముకలు, అన్నీ వరసగా తడుస్తున్నట్టు తెలిసింది. ప్రాణం లేచొచ్చింది. పట్టాభి నన్ను అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూశారు. "ఇంత దాహంతో ఉన్నావా" అని మాత్రం అన్నారు.

సీసా మంచం కిందకి తోశాం. సాయంత్రం ఊడవడానికి వంగిన అమ్మమ్మ చీపురుకి అది తగిలి దొర్లుకుంటూ గది మధ్యకి వచ్చింది.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ సీసా తీసి వెలుగులో పెట్టి చూసింది. "మొత్తం తాగావా?" అంది.

"తాగాను."

అమ్మమ్మ సీసా పట్టుకుని బయటికి వెళ్లి అరుగు మీద కూచుంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పగలంతా గంటకోసారి వచ్చి నా నుదురు ముట్టుకుని చూసింది. ముట్టుకున్నప్పుడల్లా పెదవులు కదిపి ఏదో లెక్కపెట్టుకుంది.

సోమవారం పొద్దున్నే నాకు జ్వరం వచ్చింది.

మామూలుగా రాలేదు, వణికించుకుంటూ వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకున్నాయి. ఆ వణుకుకి కుట్టు దగ్గర లాగి కళ్లవెంట నీళ్లొచ్చాయి. అమ్మ ఏలూరు వెళ్లడానికి కారుకి ఫోను చేసింది. కారు వచ్చేలోపు అమ్మమ్మ మంచం పక్కన కింద కూచుంది. మొహం పాలిపోయింది. అమ్మ పాపని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నీకొకటి చెప్పాలమ్మా" అంది అమ్మమ్మ. నా వంక చూడటం లేదు, మంచం కోడుని చేత్తో తడుముతోంది.

"మాణిక్యం ఈ మంచం మీదే పడుకుంది. ఇవే ఎండలు. అమ్మ లేని పిల్ల కదా, పురుడు నేనే పోశాను. దానికీ ఆపరేషనే. మా అత్తగారు నీళ్లు ఇవ్వద్దన్నారు. ఆవిడ పొలం వెళ్లిన పూట, అక్కా ఒక్క చెంబుడు ఇయ్యవే, నోరు పిడచకట్టుకుపోతోంది అని ఏడ్చింది. నేను చూడలేకపోయాను. నూతిలోంచి తోడి ఇచ్చాను. చెంబుడూ తాగేసింది. మూడోనాడు ఇలాగే వణుకు. కుట్టు చీము పట్టింది. తొమ్మిదోనాడు పోయింది."

మంచం కోడు వదిలి నా దుప్పటి సర్దింది.

"నేనే ఇచ్చాను తల్లీ ఆ నీళ్లు. మా అత్తగారికి చెప్పలేదు, మీ తాతకి చెప్పలేదు. సుగుణకీ చెప్పలేదు. ఏమని చెప్పను దానికి?"

గుమ్మంలో అమ్మ, పాప వీపు మీద నిమురుతున్న చెయ్యి ఆపేసింది.

జ్వరంలోనే అమ్మ వయసు లెక్కేశాను. నలభై ఆరేళ్లు. ఈ నలభై ఆరేళ్లలో ఈవిడ ఎంతమందికి నీళ్లిచ్చి ఉంటుంది. కోతలకి వచ్చినవాళ్లకి, చుట్టాలకి, స్కూలు నుంచి వచ్చిన నాకు. ప్రతి గ్లాసూ ఇచ్చినప్పుడు ఆ చెంబు గుర్తొచ్చే ఉంటుంది. గుర్తొస్తూనే నాకు జడలు వేసింది, లెక్కలు చెప్పింది, పండక్కి అరిసెలు వండింది. నేను కొండల్ని చూడలేదు, సముద్రాన్ని చూశాను. అది కూడా నన్ను అంత చిన్నదాన్ని చెయ్యలేదు.

ఏలూరులో పట్టాభి మిల్లుకి సెలవు పెట్టి ఆసుపత్రికి వచ్చారు. డాక్టరుగారు కుట్టు చూశారు. పొడిగా, శుభ్రంగా ఉందన్నారు. రక్తం, మూత్రం పరీక్షకి పంపారు. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షను. "ఎన్ని నీళ్లు తాగుతున్నారమ్మా?" అని అడిగారు. నేను చెప్పలేదు, పట్టాభి చెప్పేశారు. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి మా ఇద్దరి వంకా చూశారు. వేసవిలో అన్ని తక్కువ నీళ్లు తాగితే ఇది రాక ఏమవుతుందని, జ్వరానికి అదే కారణమని, మందు ఐదు రోజులు వాడి, నీళ్లు కడుపునిండా తాగమని చెప్పారు.

తిరిగి వస్తుంటే కారులో పట్టాభికి చెప్పాను, నీళ్లు తాగకపోవడం వల్ల జ్వరం వచ్చిందన్న మాట అమ్మమ్మ దగ్గర అనద్దండీ అని.

"అదేంటి? తెలిస్తేనే కదా ఇస్తారు" అన్నారాయన.

"ఆవిడకి ఒకటి చాలండీ" అన్నాను. నోటికి ఎంతొస్తే అంత అనేసే మనిషిని. ఆ మాట దాచుకోవడానికి నేను ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. ఇంట్లో మాత్రం మామూలు జ్వరమనీ, కుట్టు బాగుందనీ, మందు వేడి చేస్తుంది కాబట్టి నీళ్లు బాగా తాగమన్నారనీ చెప్పాం.

అప్పుడు మా అమ్మ నా జీవితంలో నేనెప్పుడూ చూడని పని ఒకటి చేసింది. వంటింట్లోకి వెళ్లి పెద్ద స్టీలు జగ్గు నిండా నీళ్లు తెచ్చి, వాళ్లమ్మ చూస్తుండగా, నా తల దగ్గర బల్ల మీద పెట్టింది. పక్కన గ్లాసు పెట్టింది. ఏమీ అనలేదు. నేను గ్లాసు ఎత్తగానే అమ్మమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత రోజూ అంతే. నేను నీళ్లు తాగుతుంటే ఆవిడ ఆ గదిలో ఉండలేకపోయింది.

మంగళవారం పొద్దున్న అమ్మమ్మ ఒక టానిక్కు సీసా కడిగి, దాన్లో నూతి నీళ్లు పట్టుకుని వచ్చింది.

"ఇది మీ ల్యాబుకి పంపించు. ఏముందో చూడమను" అంది.

ఏ నూతిలోంచి మాణిక్యానికి నీళ్లు తోడిందో ఆ నుయ్యే. ఇంట్లో ఎవరూ ఆ నీళ్లు ఎందుకు తాగరో అప్పుడు తెలిసింది. టానిక్కు సీసాలో పడితే సరిగ్గా తెలీదని చెప్పి ల్యాబుకి ఫోను చేశాను. నాతో పనిచేసే రిజ్వాన్ భీమడోలు వైపు చెరువులకి వస్తూ, మా ఇంటికి వచ్చి, శుభ్రం చేసిన సీసాలో తనే నీళ్లు తోడి పట్టుకున్నాడు. అమ్మమ్మ అతని పక్కనే నిలబడి చూసింది. రొయ్యల కోసం కాదు బాబూ, జాగ్రత్తగా చూడు అని రెండుసార్లు చెప్పింది. రిజ్వాన్ ఎందుకని అడక్కుండా అలాగేనండి మామ్మగారూ అన్నాడు.

గురువారం ఫోను చేశాడు. నూతి మీద వల కప్పి ఉంటుంది, వేసవిలో యేసమ్మ వాళ్లు బ్లీచింగు కూడా వేయిస్తారు. ఉప్పు మామూలు, గట్టిదనం కొంచెం ఎక్కువ, తాగడానికి పనికొస్తాయి. రెండు రోజులు ఉంచినా ప్లేటు మీద క్రిములేవీ మొలవలేదన్నాడు.

అమ్మమ్మని పిలిచి చెప్పాను. నేను చెప్పేది అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఇవి ఇప్పటి నీళ్లు. అప్పటివి?"

చెరువుల రైతులు కూడా అడుగుతారు ఇలాగే, నిన్న చచ్చిపోయిన రొయ్యలకి ఇవాళ్టి నీళ్లు చూసి కారణం చెప్పమని. చెప్పలేమండీ అని మొహం మీదే చెప్పి పంపుతాను. అమ్మమ్మకి అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. చెప్పినా ఆవిడ నమ్మదు.

"అప్పటివి తెలీదు అమ్మమ్మా. ఇంక ఎవరికీ తెలీదు. నీళ్లు తాగితే కుట్టు దాకా పోవని మాత్రం తెలుసు. నా కుట్టు చూస్తావా?" అన్నాను.

అన్ని రోజులూ నేను దాన్ని ఆవిడకి చూపించలేదు. సిగ్గు కొంత, కోపం కొంత. ఇప్పుడు కిటికీ వైపు తిరిగి పడుకుని నడికట్టు విప్పి చీర కిందకి జరిపాను. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగింది.

"ఇంతేనా?" అంది.

జాన కూడా లేని సన్నని గీత, అడ్డంగా, పొత్తికడుపు అడుగున. తన వేలు దాని పక్కనే, తగలకుండా, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపింది.

"దానికి బొడ్డు కింద నుంచి నిలువుగా ఇంత. నల్లదారం" అని గాల్లో చేత్తో చూపించింది. మళ్లీ వంగి చూసింది. "ఎండిపోయిందే. ఇందులోంచేనా పిల్లని తీశారు? తల పట్టిందా ఇందులోంచి?"

"పట్టింది."

"ఎంత పనివాళ్లమ్మా" అంది. ఎవరిని అంటోందో నాకు తెలీదు, డాక్టర్లనో, నన్నో, పాపనో. నా చీర తనే సర్దింది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆదివారానికి తొమ్మిదోనాడు. అది కూడా దాటనీ" అంది.

అప్పుడు అర్థమైంది, ఆవిడ పెదవులు కదిపి లెక్కపెట్టేది ఏమిటో. నేను సీసాడు నీళ్లు తాగిన శనివారం నుంచి లెక్క.

ఆ ఆదివారం పాపకి ఇరవై ఒకటో రోజు కూడా. బారసాల. ఆ రోజు మా వాళ్లలో బాలింత చేత నూతిలో చేద వేయిస్తారు. నూతికి పసుపు, కుంకుమ పెట్టి, మూడు చేదలు తోడి, మొదటిది కొబ్బరిచెట్టుకి, రెండోది గుమ్మానికి, మూడోది ఇంట్లోకి. దాంతో పురుడు తీరినట్టు. నేను పుట్టినప్పుడు మా అమ్మ చేత కూడా ఇక్కడే వేయించారు. అప్పుడు అమ్మమ్మ నూతి దగ్గరికి రాలేదనీ, వంటింట్లో పొయ్యి దగ్గర కూచుందనీ అమ్మ చెప్పింది. ఈసారి కూడా అంతే అనుకున్నాం. డాక్టరుగారు బరువు ఎత్తద్దన్నారు కాబట్టి నేను తాడు ముట్టుకుంటే చాలని, అమ్మ లాగేట్టు మాట్లాడుకున్నాం.

ఆ పొద్దున యేసమ్మ ముందే వచ్చి పాపని తూచింది. రెండు కేజీల తొమ్మిది వందలు దాటి ముల్లు నిలబడింది. పుట్టిన బరువు తిరిగి వచ్చేసింది. "చూశారా అండీ" అని ఆవిడ తక్కెడని అందరికీ చూపించింది. నేను అమ్మమ్మ కోసం చూశాను. కనపడలేదు. అది మృగశిర కార్తె మొదటి రోజు, మబ్బు పట్టి గాలి చల్లగా ఉంది. వీధిలో కొల్లేటి చేపలు అమ్మేవాళ్ల కేకలు వినపడుతున్నాయి.

నూతి దగ్గర నిలబడి, చేద వదిలి, తాడు పట్టుకున్నాను. నా చేతుల మీద వెనకనుంచి రెండు చేతులు పడ్డాయి. అమ్మ చేతులనుకున్నాను. ఆ ముడతలు చూసి అమ్మమ్మవని తెలిసింది.

"నువ్వు లాగకు. ఊరికే పట్టుకో" అంది నా చెవి దగ్గర.

డెబ్బై రెండేళ్ల మనిషి మూడు చేదలూ తనే లాగింది. నా చేతులు తాడు మీద ఉన్నాయంతే. మొదటిది కొబ్బరిచెట్టుకి పోసింది. రెండోది గుమ్మం మీద చల్లింది. మూడోది ఇంట్లోకి తీసుకెళ్లాలి. తీసుకెళ్లలేదు. చేద నూతి గట్టు మీద పెట్టి, నా వైపు తిరిగింది.

"దోసిలి పట్టు" అంది.

పట్టాను. పోసింది. నేను వంగి తాగాను. చల్లగా, కొంచెం ఉప్పగా ఉన్నాయి. కళ్లెత్తి చూస్తే ఆవిడ మొహం తిప్పుకోలేదు. నా గొంతు వంకే చూస్తోంది, ప్రతి గుక్కా దిగడం చూస్తోంది.

"ఇంకొంచెం పొయ్యనా?"

తలూపాను. మళ్లీ పోసింది. మోచేతుల మీదుగా కారి చీర తడిసింది. ఆవిడ చాలా అని అడగలేదు, నేను చాలనలేదు.

"అదీ ఇలాగే తాగింది" అంది అమ్మమ్మ. గొంతు మామూలుగానే ఉంది, మర్చిపోయిన వస్తువు ఎక్కడో దొరికినట్టు కొంచెం ఆశ్చర్యంగా ఉంది. "మధ్యలో ఒక్కసారి ఆగి నా వంక చూసి నవ్వింది. హాయిగా ఉందే అక్కా అంది. ఆ మాట నాకు గుర్తే లేదు, చూడు. తర్వాత జరిగినవే గుర్తున్నాయి."

నా వెనక అమ్మ నిలబడి ఉంది, పాపని ఎత్తుకుని. మా అమ్మ తనని కన్నతల్లిని ఫోటోలో తప్ప చూడలేదు. ఆవిడ ఎలా నవ్వేదో, ఎలా మాట్లాడేదో, ఏమనేదో ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే చెప్పగల ఒక్క మనిషీ ఆ చెంబు దగ్గరే ఆగిపోయింది. నలభై ఆరేళ్లకి వాళ్లమ్మ అన్న మాట ఒకటి అమ్మ చెవిన పడింది.

అమ్మ పాపని యేసమ్మ చేతికి ఇచ్చింది. చీర కొంగు నడుముకి దోపుకుని, నన్ను కొంచెం పక్కకి జరిపి, నా స్థానంలో నిలబడింది.

"నాకూ పొయ్యమ్మా" అంది, దోసిలి పట్టి.

అమ్మమ్మ ఒక్క క్షణం ఆ చేతుల వంక చూసింది. తర్వాత చేద వంచి, అమ్మ దోసిట్లో నీళ్లు పోసింది.